ఫ్లూ మహమ్మారికి జిల్లా సిద్ధం కావడమంటే: కరీంనగర్, ఆదిలాబాద్ అనుభవాలు

ఫ్లూ మహమ్మారి మొదలైందన్న ప్రకటన జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వెలువడుతుంది. దానికి టీకా పుణెలోనో, హైదరాబాద్‌లోనో తయారవుతుంది. మందుల కొనుగోలు రాష్ట్ర రాజధానిలో ఖరారవుతుంది. జ్వరంతో పడుకున్న మనిషిని గుర్తించడం, ఆ ఇంటివాళ్లను కనిపెట్టుకుని ఉండడం, ఊపిరాడని వాళ్లను వేళకు దవాఖానకు చేర్చడం, చివరికి సూది వేయడం మాత్రం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ చేతుల మీదుగానే జరగాలి. ఉత్తర తెలంగాణలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఇటీవలి కాలంలో ఈ పనిని రెండుసార్లు దగ్గరగా చూశాయి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ మొదటిది, 2020లో వచ్చిన కొవిడ్ రెండోది. రెండోది ఫ్లూ కాకపోయినా, తర్వాత వచ్చే ఫ్లూ మహమ్మారికి జిల్లా యంత్రాంగం ఎలా ఉండాలో నేర్పిన పాఠాల్లో ఎక్కువ భాగం అక్కడివే.

ఫ్లూను చాలామంది సర్ది, దగ్గుతో కలిపేస్తారు. మామూలు సర్ది ముక్కు దగ్గర మొదలై కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఫ్లూ మనిషిని ఒక్కసారిగా పడేస్తుంది. పొద్దున పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి తీవ్ర జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గుతో మంచం పడతాడు. ఎక్కువమంది వారంలో కోలుకుంటారు. గర్భిణులు, వృద్ధులు, ఐదేళ్లలోపు పిల్లలు, షుగర్, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లలో మాత్రం కొందరికి అది న్యుమోనియాగా మారుతుంది. సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. వాటికి ఒక రోజు ముందు నుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. జిల్లా ప్రణాళికను కష్టం చేసేది ఈ ఒక్క రోజే.

ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌లలో మహమ్మారి తెచ్చేది 'ఎ' రకం. దాని పైపొర మీది రెండు ప్రోటీన్ల పేరుతో హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని గుర్తు పెడతారు. ఈ ప్రోటీన్లు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి నిరుటి టీకా ఈ ఏడాదికి పూర్తిగా సరిపోదు. అరుదుగా, పక్షుల వైరస్, పందుల వైరస్, మనిషి వైరస్ ఒకే ప్రాణిలో కలిసి జన్యువులు మార్చుకుంటే ఎవరి శరీరానికీ పరిచయం లేని కొత్త వైరస్ పుడుతుంది. అది మనిషి నుంచి మనిషికి సులువుగా పాకితే మహమ్మారి. గత వందేళ్లకు పైగా కాలంలో ఫ్లూ మహమ్మారి నాలుగుసార్లు వచ్చింది: 1918, 1957, 1968, 2009.

1918 నాటి ఫ్లూ బొంబాయి రేవులో దిగి రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. భారతదేశంలో చనిపోయినవాళ్లు కోటీ ఇరవై లక్షలకు తక్కువ ఉండరని చరిత్రకారుల అంచనా. జనగణనలు మొదలయ్యాక దేశ జనాభా తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఆ రాజ్య జనాభా 1911లో దాదాపు కోటీ 34 లక్షలు, 1921 నాటికి కోటీ 25 లక్షలకు పడిపోయింది. ఫ్లూతో పాటు ప్లేగు, కరువు కూడా ఆ తగ్గుదలకు కారణాలే. అప్పుడు టీకా లేదు, యాంటీబయాటిక్ లేదు, పల్లెలో ఆరోగ్య కార్యకర్త లేదు. ఈ మూడూ ఇప్పుడు ఉన్నాయి. వాటిని సరైన రోజున సరైన గడపకు చేర్చగలగడమే సన్నద్ధత.

2009 మే నెలలో భారతదేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుణ్ని విమానాశ్రయం నుంచే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తరలించారు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిని ప్రకటించింది. ఆగస్టు 3న పుణెలో దేశంలోని తొలి మరణం నమోదైంది. మహమ్మారి ముగిసిందని 2010 ఆగస్టు 10న ప్రకటించినా వైరస్ ఎక్కడికీ పోలేదు, ఏటా వచ్చే సీజనల్ ఫ్లూలో భాగమైపోయింది. 2015లో మళ్లీ విజృంభించి దేశవ్యాప్తంగా 42 వేలకు పైగా కేసులకు, దాదాపు 3 వేల మరణాలకు కారణమైంది. ఆ జనవరిలో తెలంగాణ బాగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఒకటి. కొత్త రాష్ట్రం ఏర్పడి ఏడాది కూడా కాకముందే వచ్చిన ఆ పరీక్ష సమయంలోనే వైద్య ఆరోగ్య శాఖ మంత్రి కూడా మారారు. 

రెండు నేలలు, రెండు పద్ధతులు

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత కరీంనగర్‌లోని ఎక్కువ భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలైంది. పాత ఆదిలాబాద్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలైంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి కరీంనగర్‌లో 37 లక్షల 76 వేల మంది 11,823 చదరపు కిలోమీటర్లలో ఉండేవారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో 27 లక్షల 41 వేల మంది 16,128 చదరపు కిలోమీటర్లలో. ఒకచోట జనం ఒత్తుగా, మరోచోట చెదురుమదురుగా. ఒకే సర్క్యులర్‌ను ఈ రెండింటికీ పంపితే ఒకచోట పనికొచ్చేది మరోచోట పనికిరాదు.

కరీంనగర్ వైపు వైరస్ ఎక్కువగా ప్రయాణికులతో వస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సెలవు మీద వచ్చే మనిషి శంషాబాద్‌లో దిగి తెల్లారేసరికి సొంతూరిలో ఉంటాడు. వేములవాడ రాజన్న దర్శనానికి అన్ని జిల్లాల నుంచి భక్తులు వస్తారు. గోదావరిఖని, రామగుండం సింగరేణి గనుల్లో కార్మికులు దగ్గరదగ్గరగా పనిచేస్తారు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలో దూది నుసి, ఎన్నో ఊళ్లలో బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు ధూళి. అంతకుముందే ఊపిరితిత్తులు నలిగిన వాళ్లకు ఫ్లూ సోకితే అది మామూలు జ్వరంగా పోదు.

ఆదిలాబాద్‌కు సరిహద్దే సమస్య. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలోని యవత్మాల్, చంద్రపూర్ జిల్లాలు. సంబంధాలు, సంతలు, కూలిపనులు నదికి రెండు వైపులా ఉన్నాయి. జాతీయ రహదారి 44 నాగ్‌పూర్ నుంచి వచ్చి ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా హైదరాబాద్‌కు పోతుంది. సరిహద్దు అవతలి రోగులు ఆదిలాబాద్ రిమ్స్‌కు రావడం మామూలే. ఉట్నూర్, ఇంద్రవెల్లి, జైనూర్, నార్నూర్ మండలాల గుట్టల్లో గోండు, కొలాం, ప్రధాన్, తోటి గూడేలు ఉన్నాయి. వానాకాలంలో వాగు పొంగితే అంబులెన్సు ఒడ్డునే ఆగుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, దీపావళి సమయంలో దండారి నృత్య బృందాలు గూడెం గూడెం తిరగడం. ఈ రెండు కాలాలూ శ్వాస రోగాలు ముసిరే రోజులకు దగ్గరే. ఈ పండుగల తేదీలు జిల్లా ఆరోగ్య క్యాలెండర్‌లో ముందే ఉండాలి.

జ్వరం ఎక్కడ మొదలైందో తెలిసేదెలా

మహమ్మారి తొలి ఆనవాలు ల్యాబ్ నివేదికలో కాదు, ఏదో ఒక ఊరిలో మామూలు కంటే ఎక్కువమందికి జ్వరం రావడంలో కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద మూడు రకాల ఫారాలు వచ్చాయి. ఏఎన్‌ఎం లక్షణాలను బట్టి రాసేది ఎస్ ఫారం, డాక్టర్ అనుమానం మీద రాసేది పి ఫారం, ల్యాబ్ నిర్ధారించి పంపేది ఎల్ ఫారం. ఒకప్పుడు వారానికోసారి కాగితం మీద వెళ్లిన ఈ వివరాలు ఇప్పుడు పోర్టల్‌లోకి రోజువారీగా ఎక్కుతున్నాయి. వాటిని చూసి జిల్లా నిఘా అధికారి లెక్క వేయాలి. ఒక పీహెచ్‌సీ పరిధిలో దగ్గు, జ్వరం కేసులు గత వారాల కంటే అమాంతం పెరిగితే అక్కడికి బృందాన్ని పంపాలి.

లోపం ఒకచోట ఉంది. జ్వరమొచ్చిన పల్లె మనిషి ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదంటే మెడికల్ షాపుకు. అక్కడ ఇచ్చిన మాత్ర ఏ ఫారంలోనూ ఎక్కదు. కొవిడ్ రోజుల్లో జ్వరం మాత్రలు కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలని మందుల దుకాణాలకు చెప్పడం ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నమే. ఆర్‌ఎంపీలను తప్పుపట్టి ఊరుకోవడం కంటే వాళ్ల ఫోన్ నంబర్లు పీహెచ్‌సీలో ఉంచుకుని వారానికోసారి పలకరించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

నమూనా తీయడం కూడా నేర్చుకోవలసిన పనే. ముక్కు లోతు నుంచి, గొంతు వెనక నుంచి స్వాబ్‌తో తీసి, వైరస్ రవాణా ద్రవం ఉన్న గొట్టంలో వేసి, చల్లగా ఉంచి పంపాలి. కొవిడ్ తొలి రోజుల్లో కరీంనగర్ నమూనాలు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నమూనాలు 300 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ చేరాల్సి వచ్చేది. ఫలితం తిరిగి వచ్చేలోపు రోగి ఎంతమందిని కలిశాడో లెక్కే ఉండదు. ఆదిలాబాద్ రిమ్స్‌లో ఆర్‌టీపీసీఆర్ పరీక్ష మొదలుకావడం కొవిడ్ మిగిల్చిన నిజమైన లాభాల్లో ఒకటి. ఆ యంత్రం మీద ఫ్లూ పరీక్షకు కావలసిన కిట్లు, దాన్ని నడిపే టెక్నీషియన్ మామూలు రోజుల్లో కూడా ఉంటేనే ఆ లాభం నిలుస్తుంది.

2020 మార్చి, కరీంనగర్

2020 మార్చి 14న పది మంది ఇండోనేషియన్ల బృందం సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ నుంచి రామగుండం చేరి, అక్కడి నుంచి కరీంనగర్ వచ్చింది. వాళ్లలో మొదట ఒకరికి, మార్చి 18న మరో ఏడుగురికి వైరస్ ఉన్నట్టు తేలింది. దేశమంతా లాక్‌డౌన్ రావడానికి ఇంకా వారం ఉంది. అప్పటి కలెక్టర్ కె.శశాంక ఆధ్వర్యంలో దాదాపు వంద బృందాలు రంగంలోకి దిగాయి. ఇండోనేషియన్లు తిరిగిన ప్రాంతం చుట్టూ మూడు కిలోమీటర్ల పరిధిలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరముందో, ఎవరు విదేశాల నుంచి వచ్చారో రాసుకున్నారు. ముకరంపుర ప్రాంతానికి దారులు మూశారు. లోపల ఉన్నవాళ్లకు పాలు, కూరగాయలు, సరుకులు వాళ్ల గుమ్మానికే చేర్చారు. కొద్ది రోజుల్లో ఇండోనేషియన్లను కలిసిన ఒక స్థానికుడికీ సోకినట్టు తేలినా, అందరూ భయపడినంతగా నగరం అంటుకోలేదు.

అక్కడ పనిచేసింది కొత్త సాంకేతికత కాదు. పల్స్ పోలియో కోసం ఏళ్ల తరబడి వాడుతున్న ఇళ్ల పటాలు, ఓటరు జాబితాలు, వీధి వీధీ తెలిసిన ఆశాలు, మున్సిపల్ సిబ్బంది. అప్పట్లో 60 డివిజన్లున్న నగరంలో ఏ గల్లీకి ఎవరు వెళ్లాలో ఒక్క రాత్రిలో పంచుకోగలిగారంటే కారణం ఆ జాబితాలే. ప్రభుత్వం కూడా మార్చి 21న, 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద కొవిడ్ నిబంధనలు తెచ్చింది. దాంతో కలెక్టర్ చేతికి ఒక ప్రాంతాన్ని మూసే అధికారం స్పష్టంగా వచ్చింది.

ఇదే పద్ధతి ఫ్లూ మహమ్మారికి యథాతథంగా సరిపోతుందని అనుకుంటే దెబ్బతింటారు. తొలి కొవిడ్ వైరస్‌తో ఒకరి నుంచి మరొకరికి సోకి లక్షణాలు కనిపించడానికి ఐదారు రోజులు పట్టేది. ఆరోగ్య బృందానికి వెంటపడే వ్యవధి ఉండేది. ఫ్లూ రెండు మూడు రోజుల్లోనే తర్వాతి మనిషిని చేరుతుంది. పరిచయస్తుల జాబితా రాసే లోపే వాళ్లు మరొకరికి అంటించి ఉంటారు. కాబట్టి ఇల్లిల్లూ తిరగడం మొదటి కొన్ని కేసులకు, మొదటి ఒకటి రెండు వారాలకు మాత్రమే పనికొస్తుంది. ఆ తర్వాత బలమంతా రోగం ముదరకుండా చూడటం మీదకు, దవాఖానల మీదకు, టీకా మీదకు మళ్లాలి. ఎప్పుడు మళ్లాలో ముందే రాసి పెట్టుకోని జిల్లా, కాంటాక్టుల వెంట పరుగెత్తుతూ వార్డుల్లో రోగులను వదిలేసే ప్రమాదం ఉంది.

స్వైన్ ఫ్లూ కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను మూడు తరగతులుగా చూడాలని చెప్పింది. ఆ విభజన ఇప్పటికీ పనికొచ్చేదే. కొద్దిపాటి జ్వరం, దగ్గు ఉన్నవాళ్లకు పరీక్ష అక్కర్లేదు. ఇంట్లోనే ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూడాలి. జ్వరం ఎక్కువగా ఉన్నా, గర్భిణి అయినా, షుగర్, గుండెజబ్బు లాంటివి ఉన్నా డాక్టర్ సలహాపై ఒసెల్టామివిర్ మొదలుపెట్టాలి. ఊపిరి తీసుకోవడం కష్టమైనా, ఛాతీ నొప్పి, రక్తంతో కూడిన కళ్లె, గోళ్లు నీలం తిరగడం, పిల్లలు మగతగా ఉండి పాలు తాగకపోవడం కనిపించినా వెంటనే దవాఖానలో చేర్చి పరీక్ష చేయాలి. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 75 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. ఈ 48 గంటల లెక్క జిల్లాకు చాలా ముఖ్యం. మందు హైదరాబాద్ గోదాములో ఉండి, ఉత్తర్వులు నడిచి, నాలుగో రోజు నార్నూర్ చేరితే ఆ మాత్ర చేసే మేలు చాలావరకు పోయినట్టే. ప్రతి పీహెచ్‌సీలోనూ, రోడ్డు తెగిపోయే చోట సబ్‌సెంటర్‌లో కూడా జూన్‌కు ముందే కొన్ని కోర్సులు ఉండాలి, పిల్లల సిరప్‌తో సహా.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం జనం పడ్డ బాధ ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు వచ్చాయి. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. వీటి వల్ల ఉత్తర తెలంగాణలో పెద్ద వైద్యం కోసం వరంగల్‌కో, హైదరాబాద్‌కో పరుగెత్తే అవసరం తగ్గాలి. ప్లాంటు ఉంటే చాలదు. దాన్ని నెలకోసారి నడిపి స్వచ్ఛత కొలవాలి, కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి, వార్డులో పైపు లీకులు చూడాలి. ఏడాదిపాటు తాళం వేసి ఉన్న ప్లాంటు అవసరం పడ్డ రోజున పనిచేస్తుందని నమ్మడం రోగుల ప్రాణాలతో పందెం కాయడమే.

టీకా: పుణె నుంచి గూడెం దాకా

కొత్త ఫ్లూ వైరస్‌కు టీకా చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. వైరస్‌ను గుర్తించి, గుడ్లలోనో కణాల్లోనో పెంచి, పరీక్షించి, సీసాల్లో నింపాలి. 2009లో అదే జరిగింది. ముందు ఆరోగ్య సిబ్బంది కోసం విదేశాల నుంచి టీకా తెప్పించారు. 2010 జూన్‌లో జైడస్ కాడిలా, జూలైలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్, అక్టోబర్‌లో హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తమ టీకాలను తెచ్చాయి. సీరమ్ వారిది సూది లేకుండా ముక్కులో చల్లేది. అప్పటికే మహమ్మారి తీవ్రత తగ్గిపోయింది. అంటే మొదటి అలను జిల్లాలు టీకా లేకుండానే దాటాలి, రెండో అలకు మాత్రం టీకా చేతికి అందేలోపే జాబితాలు సిద్ధంగా ఉండాలి.

2021 జనవరి 12న మూడు లక్షల 64 వేల డోసుల కొవిడ్ టీకా కొవిషీల్డ్ పుణె నుంచి శంషాబాద్‌కు విమానంలో వచ్చింది. కోఠిలోని రాష్ట్ర టీకా నిల్వ కేంద్రం నుంచి జిల్లాలకు వెళ్లింది. జనవరి 16న రాష్ట్రంలో 140 కేంద్రాల్లో టీకా మొదలైంది. దానికి ముందే ఉత్తుత్తి టీకాతో డ్రై రన్ చేశారు. వచ్చినవాళ్లు కూర్చునే గది, టీకా వేసే గది, ఆ తర్వాత అరగంట కనిపెట్టి ఉండే గది. ఈ మూడు గదుల లెక్క ప్రతి ఊరి బడిలోనూ, పంచాయతీ భవనంలోనూ ఎలా కుదురుతుందో ముందే కొలిచి చూశారు.

టీకా శక్తి నిలవాలంటే ఫ్యాక్టరీ నుంచి చేయి దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పీహెచ్‌సీలో ఒక మూల తెల్లటి ఐఎల్‌ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్) పెట్టె ఉంటుంది. పైనుంచి తెరిచే మూత, లోపల బుట్టల్లో సీసాలు, వాటి మధ్య థర్మామీటర్, మూత మీద అతికించిన పట్టిక. ఆ పట్టికలో ఆదివారాలు, పండుగలు కలిపి రోజూ పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత రాయాలి. టీకా వేడెక్కితే పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందన్నది చాలామందికి తెలియదు. ఫ్లూ టీకాకు గడ్డకట్టడం కూడా అంతే ప్రమాదం. అందుకే క్యాంపుకు వెళ్లే ఏఎన్‌ఎం డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను వెంటనే క్యారియర్‌లో పెట్టదు. బల్ల మీద పరిచి చెమ్మ పట్టే వరకు ఆగుతుంది. ఒకటి తీసి చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తేనే నాలుగింటిని నాలుగు వైపులా అమర్చి, మధ్యలో సీసాల సంచి ఉంచి, మూత బిగిస్తుంది. ఆలస్యమైందని ఎవరో తొందరపెడితే ఆ పావుగంట, అరగంట ఆగడం మొదట పోతుంది. దానితో వందల మందికి వేసిన సూది వృథా అవుతుంది. బయటికి మాత్రం అన్నీ లెక్క ప్రకారమే జరిగినట్టు కనిపిస్తాయి.

సీసా తెరవడానికి కూడా పద్ధతి ఉంది. కొవిషీల్డ్ సీసాలో పది డోసులు ఉండేవి, తెరిచిన నాలుగు గంటల్లో వాడాల్సి వచ్చేది. కరీంనగర్ పట్టణంలో పది మంది పది నిమిషాల్లో వస్తారు. కొలాం గూడెంలో పదో మనిషి కోసం సాయంత్రం దాకా ఎదురుచూడాలి. వృథా తగ్గించాలని పదిమంది వచ్చే వరకు తెరవకపోతే, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన ముసలామె తిరిగి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. పట్టణంలో డోసు విలువ చూడవచ్చు, గూడెంలో మనిషి విలువ చూడాలి. ఇలాంటి గిరిజన ఏజెన్సీలో వృథాకు ముందే అనుమతి ఇవ్వడం సరైన నిర్ణయం.

ఏజెన్సీలో ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ఎక్కడికి వెళ్లాలన్నంత ముఖ్యం. పత్తి ఏరే రోజుల్లో పొద్దున తొమ్మిదికి గూడెంలో ముసలివాళ్లు, పసిపిల్లలే ఉంటారు. చేను నుంచి జనం తిరిగొచ్చే సాయంత్రం వేళ, లేదా సంత రోజున సంత దగ్గర క్యాంపు పెడితేనే జనం దొరుకుతారు. 2021లో టీకా వేసుకుంటే చనిపోతారన్న పుకార్లు గుట్టల్లోకి టీకా కంటే ముందే చేరాయి. అక్కడ కలెక్టర్ ప్రకటన కంటే పటేల్ మాట బరువైనది. గోండుల సంప్రదాయ పంచాయతీలైన రాయ్ సెంటర్లలో పెద్ద అయిన సార్మేడి, గూడెం పటేల్, పూజారి అయిన దేవారి ముందు వేయించుకుంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం గోండి భాషలో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది. ఫ్లూ గురించి తెలుగులో అచ్చయిన కరపత్రం గోడకు అంటించడం కంటే ఆ రేడియోలో గోండి, కొలామీ మాట్లాడే ఏఎన్‌ఎం రెండు నిమిషాలు మాట్లాడటం మేలు. భయపడ్డవాళ్లను మూర్ఖులని తీసిపారేసిన చోట టీకా ఆగిపోయింది. జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయి, నేనే వస్తానని చెప్పిన చోట ముందుకు సాగింది.

సూది పడ్డాక ఆ చేతికి కొద్దిగా నొప్పి, ఒళ్లు వేడెక్కడం సహజం. అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది. అందుకే ప్రతి క్యాంపులో అడ్రినలిన్‌తో సహా అత్యవసర కిట్ ఉండాలి, దాన్ని వాడటం తెలిసినవాళ్లు ఉండాలి. టీకా తర్వాత ఎవరికైనా ఏదైనా జరిగితే జిల్లా కమిటీ విచారించి కారణం జనానికి చెప్పాలి. చెప్పకుండా దాచిన ఒక్క సంఘటన పది ఊళ్లలో తలుపులు మూయిస్తుంది. వాడిన సూదులను హబ్ కట్టర్‌తో కత్తిరించి విడిగా పంపించడం కూడా ఈ పనిలో భాగమే.

కరీంనగర్ జిల్లా 2022 జనవరి చివరి వారంలో రెండో డోసులోనూ నూరు శాతం లక్ష్యం చేరుకుంది. రాష్ట్రంలో అలా చేరిన తొలి జిల్లా ఇదేనని ప్రభుత్వం అభినందించింది. మొదటి డోసు తర్వాత రెండోదానికి ఎవరు రాలేదో ఊరువారీగా రాసి, ఆ పేర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లినందువల్లే ఇది సాధ్యమైంది. శాతం చూసి సంతోషించడం సులువు. ఆ శాతంలో ఇంకా మిగిలిపోయిన పేర్లు ఎవరివో తెలుసుకోవడం కష్టం. మంచం దిగలేని ముసలివాళ్లు, ఇటుక బట్టీల్లో పనిచేసే వలస కూలీలు, పట్టణం అంచున గుడిసెలు వేసుకున్న సంచార కుటుంబాలు ఏ ఊరి జాబితాలోనూ ఉండరు. వచ్చే మహమ్మారిలో ముందు దెబ్బతినేవాళ్లలో వీళ్లు ఉంటారు.

కోళ్ల ఫారాల వైపు ఒక కన్ను

తర్వాతి ఫ్లూ మహమ్మారి పక్షుల నుంచి రావచ్చునన్న ఆందోళన శాస్త్రవేత్తలకు ఎప్పటి నుంచో ఉంది. దేశంలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లలో బయటపడింది. 2025 తొలి నెలల్లో గోదావరి జిల్లాల్లో లక్షల కోళ్లు చచ్చాయి. ఆ మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో మరణించింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాన్ని నిర్ధారించింది. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే గుణం ఇంకా సంపాదించలేదు. సంపాదించకూడదనే కోరుకోవాలి, ఆ కోరికతో ఊరుకోకూడదు.

కరీంనగర్ జిల్లాలోని హుజూరాబాద్ చుట్టుపక్కల హ్యాచరీలు, కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి. అక్కడ కోళ్లు ఒక్కసారిగా చస్తే పశుసంవర్ధక శాఖ నమూనాలు పంపుతుంది. నిర్ధారణ అయితే ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి పూడ్చి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడుతుంది. ఆరోగ్య శాఖ పని అదే రోజు మొదలు కావాలి. కోళ్లను పట్టిన, చంపిన, పూడ్చిన కూలీలకు మాస్కులు, గ్లౌజులు, కళ్లద్దాలు ఇవ్వాలి. పది రోజులు రోజూ జ్వరం చూడాలి, డాక్టర్ చెబితే ముందు జాగ్రత్తగా ఒసెల్టామివిర్ వేయాలి. ఈ రెండు శాఖలూ ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే ఆవరణలో ఉంటాయి. అయినా ఒకరి రిజిస్టరు మరొకరికి అందడం అరుదు. దాన్ని సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు, నెలకోసారి కలిసి కూర్చునే సమావేశం చాలు. నష్టపరిహారం రైతుకు త్వరగా అందుతుందన్న నమ్మకం ఉంటేనే చచ్చిన కోళ్ల గురించి అతను బయటికి చెబుతాడు.

మహమ్మారి లేని ఏళ్లలో కూడా ఫ్లూ టీకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబర్‌లో, ఏ వైరస్‌లతో టీకా చేయాలో చెబుతుంది. మన దగ్గర ఫ్లూ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు ముదిరాక ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మరోసారి పెరుగుతుంది. వానాకాలానికి ముందే వేయించుకుంటే రెండు వారాల్లో రక్షణ వస్తుంది. ఈ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. బజారులో కొనుక్కోగలిగినవాళ్లే వేయించుకుంటారు. ఆరోగ్య సిబ్బంది, గర్భిణులు, వృద్ధులు, దీర్ఘకాల రోగులు వేయించుకోవాలని ఆరోగ్య శాఖ సూచిస్తుంది. జిల్లా తన సిబ్బందికైనా ఏటా వేస్తే రెండు పనులు జరుగుతాయి. మహమ్మారి రోజున వార్డులు నడిపేవాళ్లు నిలబడతారు. పెద్దవాళ్లకు టీకా వేసే యంత్రాంగం ఏడాదికోసారి తనను తాను పరీక్షించుకుంటుంది.

ఆరు నెలలలోపు పసిపిల్లలకు ఫ్లూ టీకా వేయరు. వాళ్లకు రక్షణ దొరికే దారి తల్లి ద్వారానే. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే ఆమె శరీరంలో పుట్టిన యాంటీబాడీలు బిడ్డకు చేరి మొదటి నెలల్లో కాపాడతాయి. కరీంనగర్‌లోనైనా, ఉట్నూర్‌లోనైనా గర్భిణులు పరీక్షలకు పీహెచ్‌సీకి ఎలాగూ వస్తున్నారు. వాళ్ల వివరాలు ఏఎన్‌ఎం రిజిస్టరులో ముందే ఉన్నాయి. ధనుర్వాతం సూది వేసే రోజునే ఫ్లూ టీకా కూడా ఉచితంగా ఇవ్వగలిగితే, కొత్తగా ఒక్క క్యాంపు కూడా పెట్టకుండా ఆ రెండు జిల్లాల్లో పుట్టే పిల్లల్లో ఎందరినో కాపాడవచ్చు.